అట్టు మందం

మర్రిపాలెంలో షట్టరు సగం దించి
అల్పపీడనం వానని బయటే నిలబెట్టాం.
లోపల నల్ల కారు.
పోర్టులో క్రేను నడిపే బొడ్డు తాతబాబుది,
మూడు చేతులు మారిన బండి.

రోజూ పొద్దున్నే బొగ్గుధూళిని
పొడిగుడ్డతో తుడిచాడట, ప్రేమగా.
టార్చి వేస్తే కనిపించింది ఆ ప్రేమ:
బానెట్ నిండా గుండ్రంగా సాలెగూళ్లు.

"ఏ పేడ్ ఎడతావు గుంటా?"
అన్నాడు అప్పలసూరి మాస్టారు.
మూడు నెలలు బకెట్లు మోశాక
మెషీను నా చేతికొచ్చిన మొదటి రోజు.

నేను లావుదాన్ని తీశాను.
ఏడంగుళాలది, మెత్తగా, బొద్దుగా,
కొత్త తలగడలా ఉంది మరి.
పెద్దదైతే బేగి అయిపోద్ది కదా అనుకున్నాను.

మాస్టారు ఏమీ అనలేదు.
ప్లేటు అంచున మార్కరుతో ఒక గీత గీసి
"నొక్కు" అన్నాడు.
నొక్కాను. మోత వచ్చింది, మోచెయ్యి వణికింది,
కదలికంతా ఫోము కడుపులోనే ఇంకిపోయింది.
గీత తిరగడం మానేసి
నావైపు చూస్తూ నిలబడింది.
సాలెగూడు సాలెగూడులాగే ఉంది.

"మీయమ్మ ఏటమ్ముద్ది?"
"అట్లు. కంచరపాలెం మెట్టు దగ్గర."
"మరి నీకు నాను సెప్పాలేటి?
దిబ్బరొట్టి లోపల ఉడకాలంటే సేపు పడద్ది.
పల్చనట్టు పెనం మాట వెంటనే ఇంటాది.
ఇదీ అంతే. మందం తగ్గితే
నీ సెయ్యి సెప్పింది పెయింటుకి ఇనబడద్ది."

ఐదంగుళాల ప్లేటుకి ఐదున్నర ఫోము,
పల్చనిది, బిగించాను.
ఆ అర అంగుళం ఎందుకో అడగలేదు,
పెనం కాడకి గుడ్డ చుట్టే ఇంట్లో పుట్టాను.
బఠాణీ గింజంత మందు, నాలుగు చుక్కలు.
అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి,
ఎద్దుబండి కూడా దాటిపోయేంత నిదానంగా.
గీత తిరుగుతూనే ఉంది.

పల్చనిది తొందరగా కాగిపోతుంది.
ఆ సంగతి మాస్టారు చెప్పలేదు, వేళ్లు చెప్పాయి.
ఒకటి చల్లారేలోగా ఇంకొకటి,
డోరుకొకటి, మళ్లీ మొదటిది.
బంపరు వొంపు దగ్గర మాత్రం
పల్చనిది బిర్రబిగుసుకుంది.
చిన్నదే గానీ లావుది, మూడంగుళాలది,
వంగి, వొదిగి, సందులోకి దూరింది.
అంటే మాస్టారు చెప్పింది సగమే.
ఆ మాట నేను పైకి అనలేదు.

డోరు హేండిల్ గుంటలో
ఎవరెవరివో గోళ్ల గీతలు.
దానికి సరిపడే ఫోము ఏ కంపెనీ చెయ్యదు.
చిరిగిన పాతదాన్ని బ్లేడుతో కోసి
సీసా మూతంత చేసి, వేలికి తొడిగి
అరగంట రుద్దాను.
మెడ పట్టేసింది.

ఒక్క గీత పోలేదు.
వెనక డోరు మీద, జానెడు పొడుగు, గోరు ఆగేంత లోతు.
మీటరు పెట్టి చూసి
మాస్టారు స్విచ్చి కట్టేశాడు.
"ఇంక ఫోముతో కాదు," అని తాతబాబుకి చెప్పాను,
"గీత పోవాలంటే రంగు పోవాలి."
నేనే చెప్పాను. మాస్టారు అడ్డు రాలేదు.

తాతబాబు వంగి చూశాడు.
డోరులో ట్యూబులైటు ఉంది, తను ఉన్నాడు,
ఆ గీత ఆయన చెవి మీదుగా పోతోంది.
కాలరు సర్దుకున్నాడు.
"ఇది నా ముందోడు కొట్టింది," అన్నాడు
బేరంలో రెండు వేలు తగ్గించిన గీతని గుర్తుపట్టి, సంబరంగా.

రాత్రి ఫోములన్నీ కడిగాను.
పిండేకొద్దీ నల్లనీళ్లు,
బొగ్గో రంగో తెలీని నీళ్లు.
గాలిలో ఉప్పు ఉంది, ఫేను కింద ఆరేశాను.

తెల్లారి వచ్చి చూస్తే
పల్చనివి అప్పడాల్లా ఉన్నాయి.
ఏడంగుళాలది నొక్కి చూశాను,
లోపల ఇంకా తడే.